ఒకే క్లాసులో ఉరికేవాళ్ళూ ఆయాసపడేవాళ్ళూ ఉంటే డ్రిల్ పీరియడ్ ఎలా నడపాలి?

పర్లాకిమిడిలో పదహారేళ్ళుగా డ్రిల్ మాస్టారుగా పని చేస్తున్నాను. ఈ ప్రశ్నకి జవాబు మా ట్రైనింగు పుస్తకాల్లో కంటే వీధిలో పిల్లల ఆటల్లోనే ఉందని నా గట్టి నమ్మకం. కబడ్డీ మొదలుపెట్టే ముందు పిల్లలు ఏం చేస్తారు? ఉజ్జీలు కడతారు. సమానమైన ఇద్దరు భుజాల మీద చేతులేసుకుని పక్కకెళ్ళి, రహస్యంగా పేర్లు పెట్టుకుని వస్తారు. ఒకడు ఇటు, ఒకడు అటు. పదేళ్ళ పిల్లలకి తెలిసిన ఈ న్యాయం మనం ఈల మెళ్ళో వేసుకోగానే మర్చిపోతాం. యాభైమందినీ ఒకే గీత మీద నిలబెట్టి పరిగెత్తమంటాం.

నేనూ అదే చేశాను. ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షలో తొమ్మిదేళ్ళు దాటిన పిల్లలకి 600 మీటర్ల అంశం ఉంది. దాని పేరులోనే పరుగు లేదా నడక అని ఉంటుంది. అలసిపోతే నడవచ్చని పిల్లలకి ఒక్కసారీ చెప్పలేదు. ఎనిమిదో తరగతిలో గుమ్మా వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సవర పిల్ల ఒకతి ఎప్పుడూ చివర వచ్చేది. మిగతా పిల్లలు అప్పటికే కూర్చుని ఆమె వైపే చూస్తుండేవారు. ఒక చలికాలం ఉదయం సగంలో ఆగి, మోకాళ్ళు పట్టుకుని, "కాళ్ళు లాగేస్తన్నాయి మాస్టారూ" అంది. కొండ మీద పుట్టిన పిల్లకి ఇదొక లెక్కా, బద్ధకం అనుకున్నాను. మిగిలిన దూరం కూడా పరిగెత్తించాను.

నాలుగు రోజులు బడికి రాలేదు. తరవాత వాళ్ళ నాన్న వచ్చి, సంతలో నేర్చుకున్న తెలుగులో, "పిల్లకి నెత్తురు జబ్బు మాస్టారూ" అని ఒక కాగితం చూపించాడు. సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే పుట్టు జబ్బు. చలి, దప్పిక, ఒళ్ళు విరిగే శ్రమ, వీటిలో ఏదైనా ఆ నొప్పిని లేపుతుంది. ఆ మూడూ ఆ ఉదయం ఆమె మీద నేనే పెట్టాను. ఇప్పటికీ తలుచుకుంటే గుండె పట్టేస్తుంది.

2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. రక్తపరీక్షలు చేసి కార్డులిస్తున్నారు. మంచిదే. కానీ ఆ కబురు ఎండలో పిల్లల్ని పరిగెత్తించే మనిషికి ఎవరూ చెప్పరు. ఇప్పుడు జూన్‌లో క్లాసు మొదలవగానే ఉబ్బసం, గుండె, రక్తం, మూర్ఛ గురించి ఒక్కొక్క ఇంటివాళ్ళనీ నేనే అడుగుతాను. మీరు చేయాల్సిన మొదటి పని ఇదే.

రెండోది, దూరం మానేసి సమయం పెట్టండి. నేను పిల్లల్ని మహేంద్రతనయ నది గట్టు మీదికి తీసుకెళ్తాను. ఈల వేస్తే అందరూ వెళ్ళాలి, పరుగో నడకో వాళ్ళిష్టం. మూడు నిమిషాలకి రెండో ఈల. ఎక్కడున్నవాళ్ళు అక్కడే వెనక్కి తిరిగి, వెళ్ళిన వేగంతోనే రావాలి. పరిగెడుతూ పక్కవాళ్ళతో రెండు మాటలు మాట్లాడగలిగితే ఆ వేగం సరిపోతుంది.

మొదటిసారి అలా చేసిన రోజు బాగా గుర్తు. మెల్లగా నడవచ్చు, మధ్యలో నీళ్ళు తాగుతుండాలి అని డాక్టరు చెప్పాక ఆ పిల్ల కూడా చేతిలో సీసాతో వచ్చింది. రెండో ఈల పడింది. అందరూ తిరిగారు. తిరిగేసరికి అందరికంటే ముందు ఉన్నది ఆమె! గట్టు మీద తన ముందు ఎవరూ లేకపోవడం చూసి ఒక్క క్షణం ఆగిపోయింది. వెనక్కి చూసింది, మళ్ళీ నడక అందుకుంది. గీత దగ్గరికి వచ్చేసరికి ఉరికే కుర్రాళ్ళూ ఆమే ఇంచుమించు కలిసే వచ్చారు. చివర వచ్చారని వేలు చూపించడానికి ఎవరూ మిగల్లేదు.

బలహీనంగా ఉన్న పిల్లల్ని చెట్టు కింద కూర్చోబెట్టి స్కోరు రాయించే మాస్టార్లంటే నాకు కోపం. ఆటలో అరటిపండు అయినా ఆటలోనే ఉంటుంది, ఈ పిల్లలకి ఆ పాటి చోటు కూడా లేదు. పిల్లలు రోజూ 60 నిమిషాలు ఒళ్ళు వంచి కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే మాకు వారానికి దక్కేవి రెండు పీరియడ్లు. ఫిబ్రవరి వస్తే వాటినీ లెక్కలకి ఇచ్చేయమంటారు.

కబడ్డీకి బరువు చూసి, పుష్‌అప్‌లకి చేతుల బలం చూసి ఉజ్జీలు కట్టండి. గోడకి ఆనుకుని చేసేవాళ్ళు, మోకాళ్ళ మీద చేసేవాళ్ళు, నేల మీద చేసేవాళ్ళు, ముగ్గురికీ అది పుష్‌అప్పే. పరుగుకి మాత్రం ఎవరి ఉజ్జీ వాళ్ళే, పోయిన వారం తాము తిరిగిన చోటు. రిజిస్టరులో సెకన్ల గడి పక్కన పెన్సిల్‌తో ఇంకో గడి గీసుకున్నాను, అందులో చెట్ల గుర్తులు రాస్తాను. ఆ పిల్ల పేరు ఎదురుగా మొదట "చింతచెట్టు" అని ఉండేది. పోయిన శనివారం "చింతచెట్టు దాటి, బోరింగు" అని రాశాను.