కుక్కపిల్ల హాల్లోనే పోస్తోంది, ఫినాయిల్ వేసినా మళ్ళీ అక్కడికే వెళ్తోంది – ఏం చెయ్యాలి?

ప్రశ్న: సార్, నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. తోటల్లోకి ఎలుగుబంట్లు వస్తున్నాయి, రాత్రిపూట అరిచేదొకటి ఉంటే మంచిదని మా బావగారి ఊరి నుంచి రెండున్నర నెలల మగ కుక్కపిల్లని తెచ్చాం. ఇల్లు కొత్తది, హాల్లో తెల్ల టైల్స్ వేయించాం, వెనక పాత గదిలో ఎర్ర గచ్చు ఉంది. ఇది రోజుకి నాలుగైదుసార్లు హాల్లోనే మూత్రం పోస్తోంది, అదీ ఎక్కువగా దేవుడి గది గోడ మూలనే. ఫినాయిల్ వేశాం, బ్లీచింగ్ వేశాం, గోమూత్రం కూడా చల్లాం. లాభం లేదు. వానొస్తే మేకపిల్లల్ని వసారాలో కట్టేస్తాం, ఆ కంపు వేరే. ఇంట్లోవాళ్ళు దీన్ని తిరిగి ఇచ్చేయమంటున్నారు. ఏదైనా ఉపాయం చెప్పండి.

జవాబు: తిరిగి ఇవ్వకండి. రెండున్నర నెలల పిల్లకి మూత్రం ఆపుకునే శక్తే ఇంకా రాలేదు, పగలు మహా అయితే రెండు మూడు గంటలు ఆపగలదు, అంతే. అది మీ మీద కోపంతోనో, దేవుడి గది అంటే లెక్కలేకనో చేస్తున్న పని కాదు. దానికి తెలిసిందల్లా వాసన. ఒకసారి ఎక్కడ పోసిందో అక్కడ ఆ వాసన మిగిలి ఉంటే, ఇదే మన చోటు అనుకుని మళ్ళీ అక్కడికే వెళ్తుంది. కాబట్టి మీ ముక్కుకి శుభ్రం అనిపిస్తే సరిపోదు, దాని ముక్కుకి అనిపించాలి. మీరు ఇప్పటిదాకా చేసినవన్నీ మీ ముక్కు కోసం చేసినవే.

ముందు ఆ ఫినాయిల్ ఆపండి. అది వాసన మీద ఇంకో వాసన కప్పుతుంది తప్ప కింద ఉన్న మూత్రాన్ని తియ్యదు. పైగా పిల్ల ఆ తడిలో నడిచి కాళ్ళు నాక్కుంటుంది, చాలా ఫినాయిళ్ళు వాటి ఒంటికి పడవు, పిల్లి ఉన్న ఇంట్లో అయితే ఇంకా ప్రమాదం. ఇక బ్లీచింగ్ సంగతి. మూత్రంలో యూరియా ఉంటుంది, అది కాసేపటికి అమ్మోనియాగా మారుతుంది, మీకు ముక్కు పగిలేలా వచ్చే ఘాటు అదే. అమ్మోనియా మీద బ్లీచింగ్ పడితే కళ్ళు మండి దగ్గు వచ్చే గాలి పుడుతుంది. బ్లీచింగ్‌నీ బాత్రూం యాసిడ్‌నీ కలిపి వాడేవాళ్ళు కూడా ఉన్నారు, కంపు బాగా పోతుందని! దాంట్లోంచి వచ్చేది క్లోరిన్, తలుపులేసిన గదిలో అయితే మనిషి ప్రాణానికే ముప్పు. ఆ రెండూ ఎప్పుడూ, ఏ పనికీ కలపకండి. గోమూత్రం చల్లుకోవడం మీ నమ్మకం, నేను కాదనను, కానీ అందులో కూడా అమ్మోనియా వాసనే కదా, మీరు చల్లిన మూలనే మీ కుక్కపిల్ల ఎంచుకుందంటే ఆశ్చర్యం లేదు. అది తిరిగే గదిలో కొన్నాళ్ళు మానేయండి.

ఇప్పుడు అసలు పని. రాత్రి హాల్లో లైటు తీసేసి, టార్చి నేలకి ఆనించి పక్కనుంచి వెలుగు వెయ్యండి. ఎండిపోయిన మూత్రం టైలు మీద మసక పొరలా కనిపిస్తుంది, పగలు నిలబడి చూస్తే కనపడనిది ఇలా తెలిసిపోతుంది. (నోట్లు చూసే నీలం రంగు యూవీ టార్చి దొరికితే ఇంకా తేలిక, మరకలు మెరుస్తాయి.) గోడ అంచున వేసిన స్కర్టింగ్ టైలుకీ నేల టైలుకీ మధ్య సందు చూడండి, పసుపూ గోధుమరంగూ కలిసిన సన్నటి గీత ఉంటే మీ సమస్య ఉన్నది అక్కడే. టైలు నీరు పీల్చదు, టైళ్ళ మధ్య పెట్టిన సిమెంటు గ్రౌటింగ్ పీలుస్తుంది. మీరు తుడుస్తున్నది టైలు, కుక్క వాసన చూస్తున్నది సందు.

ఆ సందుల్ని పాత టూత్‌బ్రష్షుతో, గోరువెచ్చని నీళ్ళలో కాస్త బట్టల సబ్బు పొడి కలిపి రుద్దండి. మంచినీళ్ళతో కడిగి గుడ్డతో పూర్తిగా తడి తీసేయండి. సబ్బు మిగలకూడదు, ఎందుకంటే ఆ తర్వాత వేసేది ఎంజైమ్ క్లీనర్. పెంపుడు జంతువుల మందుల షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, మూత్రంలో వాసనకి కారణమైన పదార్థాల్నే విరగ్గొడుతుంది. డబ్బా మీద రాసినంతసేపు, కనీసం పదిహేను నిమిషాలైనా, తడిగా ఉంచాలి. చల్లిన వెంటనే తుడిచేస్తే డబ్బులు దండగ, ఫినాయిలో బ్లీచింగో ఉన్నచోట వేసినా అంతే. అది దొరక్కపోతే వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపి వేసి, పది నిమిషాలాగి కడిగి, ఆరాక వంటసోడా పలచగా చల్లి రెండు మూడు గంటల తర్వాత ఊడ్చేయండి, చాలావరకు పోతుంది. కానీ వెనిగరూ నిమ్మకాయా మార్బుల్ మీద, కడప రాళ్ళ మీద వెయ్యకండి, ఆ రాళ్ళు సున్నపు జాతివి, పులుపు తగిలితే నునుపు పోయి మచ్చలు పడతాయి. మన టెక్కలి గ్రానైటుకి ఆ భయం తక్కువే. సిమెంటు గ్రౌటింగ్ మీద కూడా రోజూ వెనిగర్ వాడొద్దు, ఒకటి రెండుసార్లకి ఫర్వాలేదు.

వాసన పూర్తిగా వదిలాక మేస్త్రీని పిలిచి ఆ మూల వరకు పాత గ్రౌటింగ్ గీకించి ఎపాక్సీ గ్రౌట్ పెట్టించండి. హాలంతా అక్కర్లేదు, ఆ గోడ పొడవునా చాలు. మామూలు సిమెంటు గ్రౌట్ కంటే ఖర్చే, అయినా నీరు పీల్చదు. ఎర్ర గచ్చు గదిలో పగుళ్ళు ఉంటే ఎర్ర రంగు కలిపిన సిమెంటు పాలతో పూడ్చి, బాగా తడిపి, ఆరాక ఫ్లోర్ వాక్స్ పట్టించండి. నున్నగా ఉన్న గచ్చు మీద మూత్రం పైనే నిలుస్తుంది, వెంటనే తుడిస్తే ఏమీ కాదు. వెంటనే అనేదే ముఖ్యం. పోసిన నిమిషంలో పాత గుడ్డ వేసి అద్దాలి, రుద్దకూడదు, రుద్దితే నాలుగు టైళ్ళకి పాకుతుంది.

ఆ తడిసిన గుడ్డని పారేయకండి. అదే మీకు మంత్రం. ఇంటి వెనక కొబ్బరిచెట్టు కిందో, గోడ వారనో ఒక చోటు నిర్ణయించి దాన్ని అక్కడ పెట్టండి. నిద్ర లేవగానే, తిన్న పది ఇరవై నిమిషాలకి, ఆడి అలిసిపోగానే, ఇవేవీ కాకపోయినా పగలు రెండు గంటలకోసారి పిల్లని అదే చోటుకి తీసుకెళ్ళాలి. రాత్రి పడుకునే ముందు ఒకసారి, రెండు మూడింటికి ఇంకోసారి. నిద్ర పాడవుతుంది, నిజమే, కానీ ఇది కొన్ని వారాల పనే. అక్కడ పోసిందా, రెండు మూడు సెకన్లలోపే ఉడికించిన గుడ్డు ముక్క చేతిలోంచి పెట్టండి. ఇంట్లోకొచ్చాక పెడితే ఇంట్లోకి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది. మీరు చూడలేని సమయంలో దాన్ని హాల్లో వదలకండి, వసారాలో వెదురు తడక అడ్డం పెట్టి ఉంచండి.

బయటికి తీసుకెళ్ళలేని వానరోజుల్లో వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలో కొబ్బరి పొట్టు పోసి పెట్టండి. పీచు తీసే యూనిట్ల దగ్గర మీ వైపు గుట్టలుగా పడుంటుంది, తన బరువుకి ఎన్నో రెట్లు నీరు పీలుస్తుంది. పూర్తిగా ఎండినది తెచ్చి, తడిసిన భాగం రోజూ తీసేసి చెట్ల మొదట్లో వెయ్యండి. వరి ఊక అంతగా పీల్చదు. గోనె పట్టా పీలుస్తుంది గానీ రెండ్రోజుల్లో అదే కంపు, పైగా పిల్ల పీకి నమిలేస్తుంది.

ముక్కు పట్టుకుని మూత్రంలో రుద్దడం, కొట్టడం ఎవరు చెప్పినా వినకండి. అలా చేస్తే ఇంట్లో పోయకూడదని దానికి అర్థం కాదు, మీరు చూస్తుండగా పోయకూడదని అర్థమవుతుంది. తర్వాత మంచం కిందా, బియ్యం బస్తాల వెనకా పోస్తుంది. మిమ్మల్ని చూడగానే ఒదిగిపోయి అక్కడే కాస్త వదులుతోందంటే భయంతో చేస్తోందని, అప్పుడు అరిచినకొద్దీ ఎక్కువవుతుంది.

ఏం పెడుతున్నారో మీరు రాయలేదు. మన తీరం ఊళ్ళల్లో ఎండు నెత్తళ్ళో ఉప్పుచేపో కలిపిన అన్నం కుక్కకి వేయడం మామూలే. ఆ ఉప్పుకి తెగ నీళ్ళు తాగుతుంది, తాగినంతా మీ టైల్స్ మీదికే వస్తుంది. ఉప్పు లేని చేపో గుడ్డో కలపండి, ఉల్లిపాయ పడిన కూర అసలు వద్దు, అది కుక్కకి విషం. పాలకి విరేచనాలైతే పాలు మానేయండి. రాత్రి తిండి ఏడింటికల్లా అయిపోవాలి. కానీ మూత్రం తగ్గుతుందని నీళ్ళు మాత్రం ఆపొద్దు, మన ఉక్కపోతకి పిల్ల తట్టుకోలేదు.

మేకపిల్లల గురించి: ఉత్త గచ్చు మీద కట్టకండి, కాళ్ళు జారతాయి, మూత్రంలోనే పడుకుంటాయి, ఆ అమ్మోనియాకి దగ్గూ న్యుమోనియా పట్టుకుంటాయి. వసారా చివర సరుగుడు కర్రలతో అడుగు ఎత్తున మంచె కట్టి, గిట్ట ఇరుక్కోనంత సన్నటి సందులు వదిలితే మూత్రం కిందికి దిగుతుంది, పొద్దున్నే నీళ్ళు కొడితే సరి. తడి మీద పచ్చి సున్నం చల్లే అలవాటుంటే మానండి, పిల్లల గిట్టలూ కుక్క పాదాలూ కాలతాయి.

ఒక జాగ్రత్త మీ కోసం. ఎలుకల మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ (లెప్టో) అనే జబ్బు కుక్కకి రావచ్చు, కుక్క మూత్రం నుంచి మనకీ రావచ్చు, వానాకాలం ఎక్కువ. చేతికి పుండు ఉంటే గ్లోవ్స్ లేకుండా తుడవకండి, తుడిచాక సబ్బుతో కడుక్కోండి, ధాన్యం గదిలో ఎలుకల సంగతి చూడండి. కుక్కపిల్లలకి వేసే కలగలుపు టీకాలో లెప్టోకి కూడా రక్షణ ఉండేది అడిగి వేయించండి. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా తప్పనిసరి. నట్టల మందు ఇప్పటికీ వేయకపోతే ఈ వారమే వేయించండి, కుక్క పేగుల్లో ఉండే కొంకి పురుగుల పిల్లలు ఉత్తకాళ్ళతో తిరిగే మన పిల్లల చర్మంలోంచి కూడా దూరతాయి.

చుక్కలు చుక్కలుగా మాటిమాటికీ పోస్తున్నా, మూత్రంలో రక్తం కనిపించినా అది అలవాటు కాదు, జబ్బు, మండల పశువైద్యశాలకి తీసుకెళ్ళండి లేదా పశువైద్య సాయం నంబరు 1962కి ఫోన్ చెయ్యండి. ముక్కుతూ ఉండి ఒక్క చుక్క కూడా రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు.

మీది మగపిల్ల కాబట్టి ఇంకో మాట. ఆరు నెలలు దాటాక కాలెత్తి గడపల మీద, బస్తాల మీద, బండి టైరు మీద కొంచెం కొంచెం పోయడం మొదలెట్టొచ్చు. అది ఇప్పటి గొడవ కాదు, ఇది నా జాగా అని చెప్పడం. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ (వృషణాలు తీసేయడం) చేయిస్తే చాలావాటిలో అది బాగా తగ్గుతుంది. చేయిస్తే కాపలా కాయదేమో, ఎలుగుని చూసి అరవదేమో అన్న సందేహం వద్దు, అరవడానికీ ఆ ఆపరేషన్‌కీ సంబంధం లేదు. మీ డాక్టరుగారితో ఆర్నెల్లప్పుడు మాట్లాడండి.