లాంగ్ రన్ తర్వాత తలనొప్పి, వాంతి... నీళ్లు తక్కువయ్యాయా, ఎక్కువయ్యాయా?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. బ్యాంకు ఉద్యోగం, ఉండేది మియాపూర్‌లో. బరువు 56 కిలోలు. ఆగస్టు ఆఖర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో తొలిసారి 42 కిలోమీటర్లకు పేరిచ్చాను. మొన్న ఆదివారం మా రన్నింగ్ క్లబ్ వాళ్లు నెక్లెస్ రోడ్డు నుంచి 30 కిలోమీటర్ల లాంగ్ రన్ పెట్టారు. మోకాలు నొప్పిగా ఉందని బయల్దేరే ముందు ఒక పెయిన్‌కిల్లర్ వేసుకున్నాను. రెండు కిలోమీటర్లకోచోట నీళ్లు పెట్టారు. దాహం వేసేదాకా ఆగొద్దని చెప్పడంతో ఎక్కడా వదలకుండా గ్లాసుడు తాగాను. నాలుగున్నర గంటలు పట్టింది. ఆఖర్లో విపరీతమైన తలనొప్పి, వాంతి. వేళ్లు ఉబ్బిపోయి, సబ్బు రాసినా ఉంగరం రాలేదు. ఇంటికొచ్చి చూసుకుంటే బరువు 57.2 ఉంది. దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌లో డీహైడ్రేషన్ అని గ్లూకోజ్ బాటిల్ ఎక్కించారు. రాత్రి దాకా తల దిమ్ముగానే ఉంది. మారథాన్‌కు ఇంకా మూడు వారాలే ఉంది. ఇంకా ఎక్కువ నీళ్లు తాగాలా? అసలు పరుగెత్తొచ్చా?
– ఓ పాఠకురాలు

సలహా: బరువు చూసుకుని రాశారు, మంచి పని చేశారు. మీ ఉత్తరంలో అన్నిటికంటే పనికొచ్చేది ఆ 57.2 అంకే. ఆగస్టు ఉక్కలో నాలుగున్నర గంటలు పరుగెత్తిన మనిషి కిలో, కిలోన్నర తగ్గి ఇంటికి రావాలి. మీరు కిలో పైన పెరిగి వచ్చారు. చెమటగా పోయినదానికంటే తాగింది ఎక్కువన్నమాట. లెక్క వేసి చూడండి. పద్నాలుగు చోట్ల పావు లీటరు చొప్పున తాగినా మూడున్నర లీటర్లు. మీ ఒంటికి, మీ వేగానికి అది చాలా ఎక్కువ.

అలా ఒంట్లో నీరు పేరుకుపోతే రక్తంలో సోడియం పలచబడుతుంది. లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్య ఉండాల్సింది 135 కంటే దిగిపోతుంది. దీన్నే హైపోనాట్రీమియా అంటాం. ఆ నీరు కణాల్లోకి చేరితే మెదడు ఉబ్బుతుంది. మెదడుకు పుర్రె దాటి జరిగే చోటు లేదు కాబట్టి ముందు తలనొప్పి, వాంతి వస్తాయి. ఇంకా ముదిరితే మాట తడబడుతుంది, మనుషుల్ని గుర్తుపట్టరు, ఫిట్స్ కూడా రావచ్చు. ఆ రోజు రక్తం పరీక్ష చేయలేదు కాబట్టి మీకు జరిగింది కచ్చితంగా ఇదేనని నేను చెప్పలేను. కానీ పెరిగిన బరువు, బిగిసిన ఉంగరం, వాంతి మూడూ అటే చూపిస్తున్నాయి.

ఇది ఎక్కడో ఒకరికి వచ్చే వింత జబ్బు కాదు. 2002 బోస్టన్ మారథాన్ పూర్తిచేసిన 488 మంది రక్తం పరీక్షిస్తే నూటికి 13 మందికి సోడియం 135 లేదా అంతకంటే తక్కువ ఉంది. ముగ్గురికైతే 120 లేదా అంతకంటే తక్కువ, అంటే ప్రాణం మీదికొచ్చే స్థాయి. దారిలో బరువు పెరిగినవాళ్లకు, నాలుగు గంటలు దాటినవాళ్లకు ఈ ముప్పు ఎక్కువని ఆ పరిశీలనలో తేలింది. వేగంగా పరుగెత్తేవాళ్లకు తాగే తీరిక ఉండదు. నెమ్మదిగా వెళ్లేవాళ్లకు ప్రతి టేబుల్ దగ్గరా ఆగే తీరిక ఉంటుంది. పైగా గ్లాసు అందించే పిల్లలు బతిమాలుతుంటే కాదనలేం. నేనూ హాఫ్ మారథాన్‌లు పరుగెత్తాను కదా, ఆ మొహమాటం తెలుసు.

మీ పెయిన్‌కిల్లర్ కూడా తోడై ఉండొచ్చు. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటివి కిడ్నీలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి, నీటిని బయటికి పోనివ్వవు. అలసటకు, నొప్పికి, వికారానికి శరీరం ఎలాగూ నీటిని పట్టి ఉంచే హార్మోన్ విడుదల చేస్తుంది. దాని మీద ఈ మాత్ర. లాంగ్ రన్‌కు ముందు వీటిని వేసుకోవద్దు. మాత్ర లేకుండా పరుగెత్తలేనంత నొప్పి ఉంటే ఆ మోకాలిని ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించండి.

ఇక ఆ గ్లూకోజ్ బాటిల్. మన దగ్గర నీరసమైనా, జ్వరమైనా, కళ్లు తిరిగినా ఒక బాటిల్ ఎక్కించుకోవడం అలవాటైపోయింది. ఐదు శాతం గ్లూకోజ్ ఎక్కిస్తే అందులోని చక్కెరను ఒళ్లు వాడేసుకుంటుంది, మిగిలేది ఉత్త నీళ్లే. నీళ్లు ఎక్కువై వచ్చిన మనిషికి మళ్లీ నీళ్లు! రాత్రి దాకా తల దిమ్ముగా ఉండటానికి అది కూడా కారణమై ఉండొచ్చు. తడబాటో ఫిట్సో ఉంటే వాడాల్సింది మూడు శాతం ఉప్పు సెలైన్. అదీ ఆసుపత్రిలోనే, సోడియం చూసుకుంటూ.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ఈ వారంలోనే సోడియం, పొటాషియం, క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. మీరు వాడే మందుల గురించి రాయలేదు. బీపీ మాత్ర వాడుతుంటే స్ట్రిప్ తీసి చూడండి. పేరు చివర ‘హెచ్’ ఉంటే సాధారణంగా అందులో మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు కలిసి ఉంటుంది. అది సోడియాన్ని దించుతుంది. డిప్రెషన్‌కు ఇచ్చే కొన్ని మాత్రలూ అంతే. వాటిని మీరుగా ఆపేయొద్దు, రాసిచ్చిన డాక్టర్‌తో మాట్లాడండి.

రిపోర్టులు బాగుండి, తలనొప్పి మళ్లీ రాకపోతే పరుగెత్తొచ్చు. మొన్నటి రన్ సరిగ్గా సాగలేదని వచ్చే ఆదివారం మళ్లీ ముప్పై పెట్టుకోవద్దు. ఈ మూడు వారాలూ దూరం తగ్గించుకుంటూ రావాల్సినవే. ఒక రోజు మాత్రం గంటన్నర పరుగు పెట్టుకుని, మూత్రానికి వెళ్లొచ్చి తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. తిరిగొచ్చాక చెమట తుడుచుకుని మళ్లీ చూడండి. తగ్గిన బరువుకు దారిలో తాగింది కలిపి, ఒకటిన్నరతో భాగిస్తే గంటకు మీకు ఎంత చెమట పోతుందో దాదాపుగా తెలిసిపోతుంది. మారథాన్ రోజు గంటకు తాగేది అంతకు మించకూడదు. దానికంటే సులువైన లెక్క ఇంకోటుంది: దాహమేస్తే తాగండి, లేకపోతే టేబుల్ దాటి వెళ్లిపోండి.

‘ఉప్పు కలిపినవి తాగితే సరిపోతుంది కదా’ అని చాలామంది అడుగుతారు. సరిపోదు. రక్తంలో సోడియం 140 చుట్టూ ఉంటే, లీటరు నీళ్లలో సరిగ్గా కలిపిన ఓఆర్‌ఎస్‌లో ఉండేది 75. స్పోర్ట్స్ డ్రింకుల్లో చాలావరకు అందులో మూడో వంతు కూడా ఉండదు. అవసరానికి మించి తాగితే ఏదైనా పలచన చేసేదే. కొనేటప్పుడు పేరు చూసి కూడా మోసపోవద్దు. చక్కెర నీళ్లకు ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టకూడదని 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. దానికోసం ఏళ్లతరబడి పోరాడింది మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోషే.

నీళ్లంటే భయపడి పూర్తిగా మానేస్తే అదీ ముప్పే. హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాలు ఎక్కువ. గాలిలో తేమకు చెమట ఆరదు, ఒళ్లు కాగిపోతుంది. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే అది వడదెబ్బ కావచ్చు. అలాంటివారిని ముందు చల్లటి నీళ్లతో, ఐసుతో చల్లబరచాలి. 108కి ఫోన్ చేయాలి.

పరుగు రోజు బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితం) వెనుక మీ మందుల పేర్లు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు రాసి పెట్టండి. దారిలో ఉంగరం మళ్లీ బిగుసుకుంటుంటే నీళ్లు ఆపి నడవండి. దాంతోపాటు తలనొప్పో వాంతో మొదలైతే నేరుగా మెడికల్ టెంట్‌కు వెళ్లి, ‘ఎక్కువ తాగాను, ముందు సోడియం చూడండి’ అని అడగండి.