ఇంపల్స్ జనరేటర్ సంగతి తర్వాత, ముందు లోడ్ నిలబెట్టే మెషిన్ చూసుకోండి

హై వోల్టేజ్ కాంపోజిట్ ఇన్సులేటర్లకి (ఫైబర్ రాడ్ మీద రబ్బరు తొడుగు ఉండే, కరెంటు తీగల్ని పట్టి ఉంచేవి) ల్యాబ్ పెడుతున్నాం, ఏ పరికరాలు తీసుకోవాలి, ఇంపల్స్ జనరేటర్ (పిడుగులాంటి వోల్టేజ్ దెబ్బ కొట్టే యంత్రం) ఎన్ని కేవీది, అంటే ఎన్ని కిలోవోల్టులది కావాలి అని మీరు అడిగారు. ఇన్సులేటర్‌ని లాగి బలం చూసే టెన్సైల్ మెషిన్ ఊసే ఎత్తలేదు. మేమూ అప్పట్లో అంతే. దాని గురించి ఆఖర్న ఆలోచించాం, ఆ ఫలితం బాగానే అనుభవించాం.

పెద్దది కొంటే చిన్న సరుకంతా అందులోనే అయిపోతుందని 500 కిలోన్యూటన్ల హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో లాగే) మెషిన్ కొన్నాం. తీరా క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ చూస్తే 100 నుంచి 500 వరకే ఉంది. మాకు వచ్చేవి ఎక్కువగా 70, 120 కిలోన్యూటన్ల ఇన్సులేటర్లు. 70 రకానికి రొటీన్ టెస్ట్ (ప్రతి పీసుకీ చేసే పరీక్ష) లోడ్ అందులో సగం, అంటే 35. రోజూ చేసే పనికే సర్టిఫికెట్ పనికిరాలేదు. మళ్ళీ విడిగా లోడ్ కొలిచే చిన్న లోడ్ సెల్ కొని బిగించాం.

అసలు కథ ఆ తర్వాత. ఈ ఇన్సులేటర్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61109 ప్రకారం, ఇన్సులేటర్‌కి చెప్పిన మెకానికల్ లోడ్‌లో 70 శాతం పెట్టి 96 గంటలు అలాగే ఉంచాలి. నాలుగు శాంపిళ్ళు. 120 రకానికి 84 కిలోన్యూటన్లు. రెండో శాంపిల్ మూడో రాత్రి, తెల్లవారుజామున ఫోను. "సార్, 84 ఉండాల్సింది 81కి దిగింది, కొంచెం పంపు కొట్టేదా?" అన్నాడు నైట్ షిఫ్ట్ కుర్రాడు. నిద్రమత్తులో కొట్టమన్నాను. కొట్టాడు. ఒక్కసారిగా 93కి వెళ్ళింది.

పొద్దున ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన ఏమీ మాట్లాడలేదు. చార్ట్ కాగితం పరుచుకుని, 84 గీత వెంట వేలు జరుపుకుంటూ వెళ్ళి, గీత కిందికి జారి నిట్టనిలువుగా పైకి లేచిన చోట ఆపాడు. "మళ్ళీ మొదలుపెట్టండి" అన్నాడు, అంతే. అప్పటికి 61 గంటలు అయ్యాయి. ఇన్సులేటర్‌కి ఏమీ కాలేదు, రాడ్ బాగుంది, క్రింపింగ్ (రాడ్ చివర లోహపు భాగాన్ని నొక్కి బిగించిన చోటు) బాగుంది. సిలిండర్ కింద రూపాయి బిళ్ళంత నూనె మరక. సీల్ కారుతోంది, అదీ సంగతి! అప్పటినుంచి నా మాట ఒకటే: రోజుల తరబడి లోడ్ పట్టి ఉంచాలంటే స్క్రూతో లాగే మెషిన్ మేలు. సర్వో హైడ్రాలిక్ వాళ్ళు నాతో గొడవకి వస్తారు, రానివ్వండి.

ఇక మీ ఇంపల్స్ జనరేటర్. ఎన్ని కేవీ అని కాదు, మైక్రోసెకనుకి ఎంత వేగంగా ఎక్కుతుందని అడగండి. రాడ్, రబ్బరు, లోహం కలిసే అతుకుల్ని చూసే ఇంటర్‌ఫేస్ టెస్ట్‌లో ఇన్సులేటర్‌ని 42 గంటలు ఉప్పునీళ్ళలో మరిగించాక, మైక్రోసెకనుకి కనీసం 1000 కేవీ వేగంతో పాజిటివ్ 25, నెగటివ్ 25 దెబ్బలు కొట్టాలి. మామూలు 1.2/50 వేవ్‌తో (1.2 మైక్రోసెకన్లలో ఎక్కి, 50లో సగానికి దిగేది) 500 కేవీ కొట్టినా అందులో సగం వేగం కూడా రాదు. దానికి వోల్టేజ్‌ని ఒక్కసారిగా ఎక్కించే షార్పెనింగ్ గ్యాప్ విడిగా కావాలి. క్యాటలాగ్‌లో జనరేటర్ ఫొటో రెండు పేజీలు వేస్తారు, ఈ గ్యాప్ మాత్రం ఎక్కడో "ఆప్షనల్" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

రాడ్‌లో సన్న పగుళ్ళున్నాయేమో రంగు ఎక్కించి చూసే డై టెస్ట్‌కి గాజు ట్రే, స్టీలు గుళ్ళు, ఫుక్సిన్ రంగు చాలు అనుకుంటారు. నిజమే, కానీ రాడ్‌ని 10 మిల్లీమీటర్ల ముక్కలుగా కోసే రంపం మంచిది కావాలి. డైమండ్ బ్లేడు, మీద చల్లనీళ్ళు ధారగా పడుతుండాలి. మొద్దు బ్లేడుతో కోస్తే అంచున పగుళ్ళొచ్చి, పరీక్షకి పెట్టిన 15 నిమిషాలు కాకముందే రంగు పైకి ఎగబాకుతుంది. మంచి రాడ్‌ని మనమే ఫెయిల్ చేసుకున్నట్టవుతుంది. అలా ఓ బ్యాచ్ మొత్తం పక్కన పెట్టించాను. ఆ గులాబీ రంగు వేళ్ళకి వారం పోలేదు.

రెండో మెషిన్ కొనేటప్పుడు, 84 పెట్టి రాత్రంతా వదిలేసి పొద్దున చార్ట్ చూపించమని అడిగాను. ఒకాయన "అంతసేపు ఎందుకండీ, అరగంట చాలదూ?" అన్నాడు. టీ తాగి వచ్చేశాను.