పాత జరిమానా కాగితం కోసం కోర్టుకు వెళ్ళే ముందు

నెల్లూరు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ సందేశం ఫోనులో చదివి ముందు నవ్వుకున్నాను, తర్వాత విసుక్కున్నాను. పాస్‌పోర్టు విచారణకు వచ్చిన కానిస్టేబులు, 2019 సంక్రాంతి రోజుల్లో నీ మీద తాగి బండి నడిపిన కేసు ఉన్నదనీ, అది ఎలా ముగిసిందో కోర్టు కాగితం చూపించమనీ అడిగాడన్నావు. జరిమానా అప్పుడే కట్టేశావట, రసీదు పోయిందట, ఇప్పుడు సమాచార హక్కు చట్టం కింద అర్జీ, అంటే ఆర్టీఐ, వేస్తావట. అది వేయకముందే నాకు చెప్పావు, అంతవరకు మేలు. ముప్పై ఏళ్ళు కోర్టులో పనిచేసి, అందులో చాలా కాలం కాపీల సెక్షనులో కూర్చున్నవాణ్ణి. ఆ రాత్రి ఏం తాగావో, ఎవరితో తాగావో నాకు అక్కర్లేదు. ఈ ఉత్తరం మాత్రం రెండుసార్లు చదువు.

మొదటి సంగతి. పోలీసులకు కట్టిన డబ్బు వేరు, కోర్టులో కట్టిన జరిమానా వేరు. హెల్మెట్ లేనందుకు ఫోనుకు వచ్చిన చలానాను ఆన్‌లైనులో కట్టేస్తే అది పోలీసుల లెక్కలోనే ముగుస్తుంది, కోర్టు గడప తొక్కదు. మోటారు వాహనాల చట్టం 200వ సెక్షన్ కొన్ని తప్పులను అలా డబ్బు కట్టించుకుని మూసేయడానికి అధికారులకు వీలిస్తుంది. తాగి నడపడం, అంటే 185వ సెక్షన్, ఆ జాబితాలో లేదు. దానికి మేజిస్ట్రేటు ముందుకు వెళ్ళవలసిందే. కాబట్టి నీ కాగితం కోర్టులో పుట్టింది, కోర్టులోనే వెతకాలి. తాగిన కేసుకు పదివేలు కట్టాలని ఎవరో చెబితే కంగారు పడ్డావు కదా? ఆ మొత్తం 2019 సెప్టెంబరు 1 నుంచి అమలైన సవరణతో వచ్చింది. నీ కేసు అంతకు ముందుది. అప్పట్లో మొదటిసారి దొరికినవాడికి జరిమానా రెండు వేలకు మించదు.

రెండోది, ఏ కోర్టు? ఇక్కడే సగం మంది దారి తప్పుతారు. నీ ఇల్లు ఎక్కడ, ఆధార్ కార్డులో ఏ ఊరు ఉంది అన్నవి ఇక్కడ పనికిరావు. బండి ఆపిన చోటు ఏ పోలీసు స్టేషను పరిధిలోనిదో, ఆ స్టేషను ఏ మేజిస్ట్రేటు కిందిదో, అదే నీ కోర్టు. ఒంగోలులో స్నేహితుడి పెళ్ళి చూసుకుని నెల్లూరు వస్తుంటే పట్టుకున్నారు, అంతవరకు సరే. సింగరాయకొండ దగ్గర అని నువ్వు అంటున్నావు, ఉలవపాడు మామిడిపండ్ల దుకాణాల దగ్గర అని మీ అమ్మ అంటున్నది, కావలి ఊళ్ళో హోంగార్డు ఎవరో ఆపాడని మీ నాన్న అంటున్నాడు. హైవే మీద పది కిలోమీటర్లు అటూ ఇటూ అయితే కోర్టే మారిపోతుంది. ముందు ఇంట్లో కూర్చుని ఈ తగాదా తేల్చుకోండి. ఆ రోజు బండి ఏ స్టేషను ఆవరణలో పెట్టారో, మర్నాడు నిన్ను ఏ ఊరి కోర్టుకు తీసుకెళ్ళారో గుర్తు తెచ్చుకుంటే చాలు.

ఉలవపాడే అయితే నేను మొదట కందుకూరు కోర్టులో అడుగుతాను. ఇందులో ఒక మెలిక ఉంది. నీ కేసు నాటికి కందుకూరు, ఉలవపాడు ప్రకాశం జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు నెల్లూరులో కలిశాయి. కలెక్టరు మారాడు గానీ, కలెక్టరు మారినంత సులువుగా పాత కోర్టు రికార్డులు జిల్లాలు మారవు. అందుకని వెబ్‌సైటులో నెల్లూరు కింద కనపడకపోతే నీ కేసు మాయమైందని గుండెలు బాదుకోకుండా, ప్రకాశం జిల్లా తెరిచి చూడు.

వెబ్‌సైటు అంటే ఈ-కోర్ట్స్. ఫోనులో యాప్ కూడా ఉంది, ఉచితం. రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకుంటే కేసు నంబరుతోగానీ, ఎఫ్ఐఆర్ నంబరుతోగానీ, పేరుతోగానీ వెతకవచ్చు. చిన్న ట్రాఫిక్ కేసులకు చాలాసార్లు ఎఫ్ఐఆరే ఉండదు, పోలీసులు నేరుగా చిన్న చార్జిషీటు వేస్తారు. అందుకే ఎఫ్ఐఆర్ గడిలో ఏదో ఒక అంకె కొట్టి 'లేదు' అని వస్తే నమ్మవద్దు. పేరుతో వెతుకు. సంవత్సరం 2019 ఇవ్వు. 'పెండింగ్' అంటే నడుస్తున్నవి, 'డిస్పోజ్డ్' అంటే ముగిసినవి, రెండింటిలోనూ చూడు.

పేరు దగ్గర ఓపిక కావాలి. మన జిల్లాలో పెంచలయ్యలకు లోటు లేదు, కందుకూరు వైపు మాలకొండయ్యలకు లోటు లేదు. పైగా కంప్యూటరులో పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కిస్తారు. ఒకడు చివర రెండు వై అక్షరాలు పెడతాడు, ఇంకొకడు ఐ, ఏ, హెచ్ పెడతాడు. ఇంటిపేరు ముందో వెనకో, అసలు ఉందో లేదో ఆ రోజు టైపు చేసినవాడి చిత్తం. పేరులో మొదటి నాలుగైదు అక్షరాలు మాత్రం కొట్టి జాబితా తెచ్చుకో. ఒకసారి ఉదయగిరి నుంచి ఒక పెద్దాయన మూడు సార్లు బస్సెక్కి మా కౌంటరుకు వచ్చాడు. దరఖాస్తులో తన పేరు, 'బండి కేసు' అన్న మాట తప్ప ఇంకేమీ రాయలేదు. రెండుసార్లు తిప్పి పంపింది నేనే. మూడోసారి విసుగు తగ్గి, తండ్రి పేరు అడిగి, రిజిస్టరు తిప్పితే పది నిమిషాల్లో దొరికింది. ఆ పది నిమిషాలు మొదటిరోజే పెట్టి ఉండవచ్చు. ఆ బస్సు చార్జీలు ఇప్పటికీ నా ఖాతాలోనే ఉన్నాయనిపిస్తుంది.

దొరికిన కేసు మీద నొక్కితే కేసు నంబరు, అక్షరాలూ అంకెలూ కలిపి పదహారు ఉండే సీఎన్ఆర్ నంబరు (ఒక్కో కేసుకు ఒక్కటే ఉండే గుర్తింపు నంబరు), వాయిదాలు, ముగిసిన తేదీ కనపడతాయి. సీసీ అన్నా ఎస్టీసీ అన్నా భయపడకు. మొదటిది మామూలు క్రిమినల్ కేసుల వరుస, రెండోది త్వరగా తేల్చే చిన్న కేసుల వరుస. అవన్నీ ఒక పుస్తకంలో రాసుకో. ఫోటో తీసుకున్నానని ఊరుకోకు, ఫోను పోగొట్టుకోవడంలో నీ చరిత్ర నాకు తెలుసు.

ఇప్పుడు చెప్పేది అన్నిటికన్నా ముఖ్యం. ఆ పేజీలో కేసు ముగిసినట్టు లేక, ఇంకా పెండింగులో ఉన్నట్టు, వారెంటు అన్న మాట ఉన్నట్టు కనిపిస్తే అక్కడితో ఆగు. ఒంటరిగా కోర్టు కౌంటరుకు వెళ్ళకు. కొందరు స్టేషనులో ఎవరి చేతిలోనో డబ్బు పెట్టి, కేసు అయిపోయిందనుకుని ఇంటికి పోతారు. కోర్టులో పిలిస్తే పలికేవాడు ఉండడు, వారెంటు పుడుతుంది. నీది అలాంటిదే అయితే ఒక వకీలును పెట్టుకుని, వారెంటును వెనక్కి తీసుకోమని కోరే రీకాల్ పిటిషను వేయించి, ఆయనతో కలిసి మేజిస్ట్రేటు ముందు నిలబడు. వకీలు ఫీజు భరించలేకపోతే జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది, అక్కడ అడుగు. ఈ పనికి బెంగళూరు నుంచి సెలవు పెట్టుకుని రావలసిందే.

ముగిసిన కేసే అయితే హాయి. అప్పుడు కావలసింది ధ్రువీకరించిన నకలు, అంటే సర్టిఫైడ్ కాపీ. వెబ్‌సైటులో తీర్పు దొరికినా అది చదువుకోవడానికే, పాస్‌పోర్టు వాళ్ళకు కోర్టు ముద్ర ఉన్న కాగితం కావాలి. దీనికి కోర్టులో కాపీ అప్లికేషన్ వేయాలి, అందరూ సీఏ అంటారు. అందులో కోర్టు పేరు, కేసు నంబరు, నీ పేరు, తండ్రి పేరు, పోలీసు స్టేషను, ముగిసిన తేదీ, ఏ కాగితం కావాలో స్పష్టంగా రాయి. 'కేసు పేపర్లు' అని రాస్తే ఎవరికీ అర్థం కాదు. 'తీర్పు నకలు, జరిమానా కట్టినట్టు ఉన్న నమోదు నకలు' అని రాయి. నిర్ణీత కోర్టు ఫీజు స్టాంపు అంటించు. నువ్వే ఆ కేసులో ముద్దాయివి కాబట్టి ఎందుకు కావాలో పెద్దగా సంజాయిషీ అక్కర్లేదు. అదే నీ స్నేహితుడో బీమా కంపెనీవాడో అడిగితే కారణం చూపి మేజిస్ట్రేటు అనుమతి తెచ్చుకోవాలి. నీ బదులు మీ నాన్నను పంపుదామనుకుంటున్నావేమో, వద్దు. నువ్వు రా, లేదా వకీలు చేత వేయించు.

దరఖాస్తు ఇచ్చి రాగానే పని అయిపోయిందనుకునేవాళ్ళే ఎక్కువ. అసలు పని అప్పుడే మొదలవుతుంది. సెక్షనువాళ్ళు రికార్డు తెప్పించి, పేజీలు లెక్కపెట్టి, ఎంత రుసుము కావాలో నోటీసు బోర్డు మీద పెడతారు. దీన్ని చార్జీలు కాల్ చేయడం అంటారు. గడువులోపల స్టాంపులు కట్టకపోతే దరఖాస్తు కొట్టేస్తారు, మళ్ళీ మొదటి నుంచి మొదలు. నీకు ఎవరూ ఫోను చేసి చెప్పరు. బోర్డు చూసుకోవడం నీ బాధ్యత. నువ్వు తిరిగి బెంగళూరు వెళ్ళిపోతే ఇక్కడ నేనున్నాను, నీ సీఏ నంబరు పంపించు. మోకాళ్ళు నొప్పులే గానీ నోటీసు బోర్డు దాకా నడవగలను. కాపీ చేతికొచ్చాక చివర చూడు, దరఖాస్తు ఇచ్చిన తేదీ, చార్జీలు కాల్ చేసిన తేదీ, కట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ వరుసగా ఉంటాయి. అప్పీలు వేసేవాడికి ఆ తేదీలే ప్రాణం, ఎందుకంటే కాపీ కోసం పట్టిన కాలాన్ని గడువులోంచి మినహాయిస్తారు. నీకు అప్పీలు అక్కర్లేదు గానీ, తేదీలు ఖాళీగా ఉంటే కౌంటరు దగ్గరే అడిగి నింపించుకో.

అర్జెంటు అని రాసి అదనపు రుసుము కట్టే పద్ధతి కూడా ఉంది. అది రసీదు ఉన్న డబ్బు. బయట చెట్టు కింద టైపు మిషను పెట్టుకున్నవాళ్ళలో మంచివాళ్ళూ ఉన్నారు, దరఖాస్తు టైపు చేయించుకో. 'లోపల నేను చూసుకుంటాను' అని మొదలుపెట్టేవాడి దగ్గర మాత్రం నిలబడకు.

ఇక నీ ఆర్టీఐ. కోర్టు కేసు కాగితాల నకళ్ళు హైకోర్టు నిబంధనల ప్రకారమే తీసుకోవాలనీ, సమాచార హక్కు చట్టం కింద కాదనీ సుప్రీంకోర్టు 2020 మార్చిలో గుజరాత్ హైకోర్టు కేసులో చెప్పింది. నువ్వు వేస్తే, కాపీ అప్లికేషన్ వేసుకోండి అని జవాబు వస్తుంది. ఆ జవాబు కోసం నెల రోజులు పోగొట్టుకోవడం ఎందుకు? స్టేషనులో ఉన్న సమాచారానికి అది పనికొస్తుంది, ఇక్కడ కాదు.

రికార్డు లేదు అంటే ఏం చేయాలన్నావు. చిన్న కేసుల కాగితాలను కొన్నేళ్ళు దాటాక నిబంధనల ప్రకారం నాశనం చేస్తారు, అందులో దొంగతనం ఏమీ లేదు. రిజిస్టరు మాత్రం అంతకన్నా ఎక్కువ కాలం ఉంటుంది. అందుకని 'లేదు' అన్న మాట నోటితో విని వెనక్కి రాకు. రిజిస్టరులోని నమోదు నకలు ఇమ్మని అడుగు. అదీ కుదరకపోతే రికార్డు నాశనమైందని నీ దరఖాస్తు మీదే రాసి సంతకం చేసి ఇమ్మని అడుగు. ముద్ర ఉన్న ఆ రెండు వాక్యాలు కూడా విచారణాధికారికి చూపించదగ్గ కాగితమే. లోక్ అదాలత్‌లో ముగిసి ఉంటే అక్కడ ఇచ్చిన ఉత్తర్వు నకలు అడగాలి.

ఒక్క మాట కటువుగా చెబుతాను. నేరం ఒప్పుకుని జరిమానా కట్టావంటే ఆ తీర్పులో నీకు శిక్ష పడినట్టే రాసి ఉంటుంది. కాగితం చేతికి వచ్చాక అది చూసి ఉలిక్కిపడి, ఫారంలో ఇంకోలా రాయకు. అడిగిన ప్రశ్నను పదం పదం చదువు, ఉన్నది ఉన్నట్టు రాయి, కాపీ జతచేయి. రెండు వేల జరిమానా కంటే దాచిన మాట ఎక్కువ చిక్కు తెస్తుంది.

సోమవారం రాకు, వారాంతంలో పట్టుబడ్డవాళ్ళతో కోర్టు కిటకిటలాడుతుంది. బుధవారమో గురువారమో రా. పదిన్నరకు బెంచి మొదలయ్యే హడావుడిలో కాకుండా కాస్త ఆగి సెక్షనుకు వెళ్ళు. కాపీ రెండు సెట్లు అడుగు. లామినేషన్ మాత్రం చేయించకు, ముద్ర, సంతకం పరిశీలించడానికి వీలుండదని పాస్‌పోర్టు వాళ్ళు దాన్ని తీసుకోకపోవచ్చు. రెండో సెట్టు నాకు ఇచ్చి వెళ్ళు, మా ఇంట్లో ఇనప్పెట్టెలో పెడతాను. మొదటి రసీదు నువ్వు ఎక్కడ పెట్టావో చూశాం కదా.

ఇట్లు,
మీ మామయ్య