షెడ్డులో పడి ఉన్న టిల్లరు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పాత పవర్ టిల్లర్లను (వెనుక నడుస్తూ తోలే రెండు చక్రాల దుక్కి యంత్రాలను), చిన్న ట్రాక్టర్లను ఇంటి షెడ్డులోనే విప్పి, తీరిక వేళల్లో బాగుచేసుకోవడం గురించి ఈ శీర్షికలో కిందటి నెల నాలుగు మాటలు రాశాను. దానిమీద వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒడిశాలోని గజపతి, రాయగడ, కొరాపుట్, గంజాం జిల్లాల తెలుగు ఇళ్ళనుంచి వచ్చినవే. చాలామంది రంగు గురించి అడిగారు. రంగు చివరి పని కాబట్టి దాని సంగతి కొంచెం ఆగి చెబుతాను.

ప్రశ్న: మా నాన్నగారు 1980లలో కొన్న పవర్ టిల్లరు మా పెరటి షెడ్డులో పదిహేనేళ్ళుగా కదలకుండా ఉన్నది. హ్యాండిల్ వేసి తిప్పబోతే అంగుళం కూడా తిరగడం లేదు. నేను ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. పానాలు పట్టడం తెలుసు గాని ఇంజన్ ఎన్నడూ విప్పలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక పాఠకుడు, పర్లాకిమిడి)

జవాబు: హ్యాండిల్‌కు పొడుగాటి పైపు తొడిగి బలంగా తిప్పుదామన్న ఆలోచన మీకు ఈపాటికే వచ్చి ఉంటుంది. దాన్ని మానుకోండి. పిస్టన్ పట్టేసిన ఇంజన్‌ను అలా తిప్పితే రింగులు విరుగుతాయి, ఒక్కొక్కప్పుడు కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. అప్పుడు తుప్పు వల్ల రావలసిన ఖర్చుకంటే మన తొందర వల్ల వచ్చిన ఖర్చు ఎక్కువవుతుంది.

పట్టేసినది ఇంజనా, వెనుక ఉన్న గేరుబాక్సా అన్నది ముందుగా తేల్చుకోవాలి. ఈ టిల్లర్లలో శక్తి ఇంజన్‌నుంచి క్లచ్ పుల్లీకి వి-బెల్టుల మీదుగా వెళ్తుంది కనుక బెల్టులు తీసేస్తే రెండూ వేరుపడతాయి. బెల్టులు తీశాక ఫ్లైవీల్ చేతితో కదిలితే మీ అదృష్టం బాగున్నట్టే. లోపం క్లచ్‌లోనో గేర్లలోనో ఉన్నదని అర్థం. అప్పటికీ కదలకపోతే సైలెన్సర్ లోపలికి ఒక్కసారి టార్చి వేసి చూడండి. మూతి పైకి తెరుచుకొని ఉన్న సైలెన్సర్‌లోకి పదిహేను వానాకాలాల నీరు దిగి, తెరుచుకొని ఉన్న వాల్వు గుండా సిలిండర్‌లో చేరి, పిస్టన్ రింగులను లైనరుకు (సిలిండర్ లోపలి గొట్టానికి) తుప్పుతో అతికించి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉన్నది. హెడ్ ప్యాకింగు పోయి రేడియేటర్ నీరు లోపలికి దిగినా ఇదే జరుగుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్‌ను విప్పి ఆ రంధ్రంలో నూనె పోసి వదిలేయమని సాధారణంగా చెబుతారు. నిలువు సిలిండర్ ఉన్న ఇంజన్‌కు అది సరిపోతుంది. మన టిల్లర్ ఇంజన్ సిలిండర్ అడ్డంగా పడుకొని ఉంటుంది కనుక, పోసిన నూనె కింది అంచునే తడిపి, పైభాగాన్ని ముట్టుకోకుండా ఉండిపోతుంది. కాబట్టి హెడ్ విప్పండి. ఆటోమేటిక్ గేరుబాక్సులలో వాడే ఎర్రటి ఏటీఎఫ్ ఆయిల్, డీజిల్ సమపాళ్ళలో కలిపి, అందులో ముంచిన నూలుగుడ్డను పిస్టన్ ముందున్న ఖాళీలో కూరి, రోజూ మళ్ళీ తడుపుతూ ఉండండి. మూడు రోజులకు వదలవచ్చు, మూడు వారాలూ పట్టవచ్చు. మధ్యమధ్య ఫ్లైవీల్‌ను ముందుకూ వెనక్కూ రెండు వైపులా కొద్దిగా ఊపండి. పిస్టన్ మీద బోరంత (సిలిండర్ లోపలి వ్యాసమంత) గుండ్రంగా చెక్కిన కర్రమొద్దు పెట్టి సుత్తితో మెల్లగా తట్టవచ్చు; ఇనుము మాత్రం పెట్టకండి. ఒక్క వెంట్రుకవాసి కదిలినా ఆ రోజుకు చాలు, మిగతాది రేపటి పని.

పిస్టన్ బయటికి వచ్చాక పాత రింగును లైనరులో చదునుగా కూర్చోబెట్టి దాని కొసల మధ్య సందును ఫీలర్ గేజితో (కొలత రాసి ఉన్న పలుచని రేకులతో) కొలవండి. బోరు 100 మిల్లీమీటర్లు ఉంటే కొత్త రింగుకు సుమారు 0.3 నుంచి 0.4 మిల్లీమీటరు సందు ఉంటుంది. దానికి మూడింతలు కనిపించిన చోట రింగులు మాత్రం మార్చి పొదుపు చేద్దామనుకోవడం నాకు నచ్చదు. లైనరు, పిస్టన్ సెట్టుగా మార్చడమే మేలు. సామాన్ల విషయంలో మీరు దిగులు పడనక్కర లేదు. బెంగళూరులో 1967లో మొదలైన వీఎస్టీ కంపెనీ మిత్సుబిషి నమూనాతో, కేరళలో 1973లో మొదలైన కామ్కో కంపెనీ కుబోటా నమూనాతో ఈ టిల్లర్లను తయారుచేస్తూ వచ్చాయి. ఆ నమూనాలు పెద్దగా మారకపోవడం వల్ల పాతవాటి సామాను చాలావరకు కొత్తవాటి సామానుగానే దొరుకుతుంది.

మొదటిసారి స్టార్టు చేసే రోజున మూడు జాగ్రత్తలు కావాలి. పాత డీజిలంతా పారబోసి, కొత్త డీజిల్ పోసి, ముందు ఫిల్టరు దగ్గర, తరువాత నాజిల్‌కు డీజిల్ పంపే పంపు దగ్గర, చివరికి నాజిల్ పైపు నట్టు దగ్గర వరుసగా గాలి తీయాలి. ఏళ్ళ తరబడి కదలని పంపులో డీజిల్ పాళ్ళను తగ్గించి పెంచే రాక్ పట్టేసి ఉండవచ్చు. అలా ఉంటే స్టార్టయిన ఇంజన్ థ్రాటిల్ మాట వినకుండా వేగం పెంచుకుంటూ పోతుంది. ఎయిర్ క్లీనర్ మూతిని మూయడానికి సరిపోయే చదునైన చెక్కపలకను చేతికి అందేలా ఉంచుకొని, అలా జరిగితే దానితో గాలిని ఆపేయండి, అరచేతితో మాత్రం కాదు. ఇక హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ వైపే ఉండాలి. చుట్టి పట్టుకుంటే ఇంజన్ వెనక్కి తన్నినప్పుడు వేలు విరుగుతుంది. ఈ చివరి మాట నా ఎడమచేతి కట్టు నేర్పినది.

ప్రశ్న: మా వారూ నేనూ కలిసి ఆదివారాలు పాత టిల్లరును బాగుచేస్తున్నాము. డీజిల్ ట్యాంకు, బ్లేడ్ల షాఫ్టు మూత, నట్లు అన్నీ తుప్పే. తుప్పు పోవడానికి యాసిడ్ పోయమని ఒకరు, కరెంటు పెట్టమని మరొకరు చెబుతున్నారు. ఏది మంచిది? (ఒక పాఠకురాలు, రాయగడ)

జవాబు: బాత్‌రూములు కడిగే యాసిడ్ వద్దు. అది తుప్పుతో పాటు ఇనుమునూ తింటుంది, దాని ఆవిరికి షెడ్డులో ఉన్న మిగతా పనిముట్లు కూడా ఎర్రబడతాయి. నట్లు, బోల్టులు వంటి చిన్న వస్తువులకు కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు చాలు. లీటరు వేడినీటికి యాభై గ్రాములు కలిపి, రాత్రి నానబెట్టి, పొద్దున బ్రష్షుతో రుద్ది, వంట సోడా నీళ్ళలో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. ఆ 'వెంటనే' ముఖ్యం. తడిగా వదిలేసిన ఇనుము గంటలోనే మళ్ళీ పసుపుపచ్చగా తుప్పుపడుతుంది.

పెద్ద రేకు భాగాలకు కరెంటు పద్ధతే బాగుంటుంది. ప్లాస్టిక్ తొట్టిలో పది లీటర్ల నీటికి మూడు పెద్ద చెంచాల బట్టల సోడా కలపండి. పన్నెండు వోల్టుల బ్యాటరీ ఛార్జరు మైనస్ తీగను తుప్పు పట్టిన వస్తువుకు, ప్లస్ తీగను పనికిరాని ఇనుప రేకు ముక్కకు తగిలించి, రెండూ ఒకదానికొకటి తాకకుండా నీటిలో వేలాడదీయండి. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్ కాబట్టి తొట్టి ఆరుబయట ఉండాలి, బీడీ అగ్గిపుల్ల దగ్గరికి రాకూడదు, నీటిలో చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు తీయాలి. రేకు ముక్క స్థానంలో స్టీలు గిన్నె గాని స్టీలు గరిటె గాని పెట్టకండి. స్టెయిన్‌లెస్ స్టీలునుంచి విషపూరితమైన క్రోమియం నీటిలోకి దిగుతుంది. అల్యూమినియం వస్తువులను ఈ తొట్టిలో వేయనే కూడదు. మంచి అల్యూమినియం మూత ఒకటి రాత్రంతా ఇందులో ఉంచి, పొద్దునకు జల్లెడ చేసుకున్న అనుభవం నాకు ఉన్నది.

ట్యాంకు చిల్లిపడి ఉంటే, ఖాళీ ట్యాంకు అని ధైర్యంగా వెల్డింగుకు ఇవ్వకండి. డీజిల్ పోయినా దాని ఆవిరి మిగిలి ఉంటుంది. సబ్బు నీళ్ళతో పలుమార్లు కడిగి, అతకవలసిన చోటు మాత్రం పైకి వచ్చేలా మిగతా ట్యాంకునంతా నీటితో నింపిన తరువాతే మంట చూపించమని వెల్డరుకు చెప్పండి. నవ్వినా సరే, పట్టుబట్టండి.

ప్రశ్న: నేను ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఎప్పుడో ఆగిపోయిన కంపెనీ టిల్లరు ఒకటి కొన్నాను. దాని బేరింగులు, ఆయిల్ సీళ్ళు ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయి? (ఒక పాఠకుడు, సునాబెడ)

జవాబు: మీకు నేను చెప్పవలసినది తక్కువే, ఇతర పాఠకుల కోసం కాస్త విడమరుస్తాను. కంపెనీ ఆగిపోయినా బేరింగుకు కంపెనీ పేరుతో పని లేదు. దాని పక్కన చెక్కిన అంకె ప్రపంచమంతటా ఒక్కటే. 6205 అని ఉంటే లోపలి వ్యాసం 25, బయటి వ్యాసం 52, వెడల్పు 15 మిల్లీమీటర్లు. 6206 అయితే 30, 62, 16. ఏ మోటారు సామాన్ల కొట్టులోనైనా ఆ అంకె చెబితే చాలు. ఆయిల్ సీలు మీద ఉండే మూడు అంకెలూ అంతే: షాఫ్టు వ్యాసం, గుంట వ్యాసం, మందం. అంకెలు చెరిగిపోతే కాలిపర్‌తో కొలిచి రాసుకొని వెళ్ళండి. సీలు బిగించేటప్పుడు స్ప్రింగు ఉన్న ముఖం నూనె వైపు ఉండాలి. పాత సీలు పెదవి షాఫ్టు మీద గాడి కోసి ఉంటే కొత్త సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిపి కూర్చోబెట్టండి, లేకపోతే కొత్తదీ కారుతుంది. బెల్టులు మాత్రం ఒక్కటి తెగినా సెట్టంతా మార్చాలి. సాగిన పాతవాటి పక్కన కొత్తది పెడితే బరువంతా దాని మీదే పడి అదీ తెగుతుంది.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా మేనల్లుడు అక్కడ పాత 'కబ్ క్యాడెట్' గార్డెన్ ట్రాక్టరును బాగుచేసి, మెరిసే పసుపు రంగు వేసి ఫొటోలు పంపాడు. అటువంటివి ఇక్కడ దొరుకుతాయా? అలాంటి రంగు రావాలంటే ఏం చేయాలి? (ఒక పాఠకుడు, బరంపురం)

జవాబు: అవి అక్కడి ఇళ్ళ చుట్టూ ఉండే గడ్డి కోయడానికి, మంచు తోయడానికి, చిన్న తోట దున్నడానికి పుట్టిన బండ్లు. 1946లో ఇండియానా రాష్ట్రంలో 'వీల్ హార్స్' పుట్టింది. ఆ తరువాత 1961లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వారి కబ్ క్యాడెట్, 1963లో 'జాన్ డీర్ 110' వచ్చాయి. చివరి రెండూ మొదట ఏడు గుర్రాల శక్తి గల కోలర్ పెట్రోలు ఇంజన్‌తోనే నడిచాయి. ఒకే సిలిండర్, పోత ఇనుము, గాలితో చల్లబడే రకం. అంత సాదాగా ఉండబట్టే అరవై ఏళ్ళ తరువాత కూడా ఇంటి షెడ్డులో విప్పి బిగించగలుగుతున్నారు. దాన్ని ఓడలో తెప్పించుకోవడం మాత్రం డబ్బు దండగ. మన ప్రాంతంలో ఆ స్థానం పవర్ టిల్లరుదే.

అయితే మేనల్లుడి సలహాలన్నీ మీకు పనికిరావు. అతని పెట్రోలు ఇంజన్‌కు కార్బురేటరు, సమయానికి స్పార్కు పుట్టించే పాయింట్లు, స్పార్కు ప్లగ్గు ఉన్నాయి. మీ డీజిల్ ఇంజన్‌కు అవేవీ లేవు, వాటి బదులు పంపు, నాజిల్ ఉన్నాయి. కార్బురేటర్‌ను ఇంట్లో విప్పి కడగవచ్చు గాని పంపును విప్పకూడదు. దానిలోని ప్లంజరుకు, గొట్టానికి మధ్య సందు వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు, ఒక్క ఇసుక రేణువు చాలు గీత పడడానికి. పంపును, నాజిల్‌ను కాలిబ్రేషన్ చేసేవారి దగ్గరికే తీసుకువెళ్ళండి. నాజిల్ పిచికారీని వేలితో పరీక్షించే అలవాటు కొందరు మెకానిక్కులకు ఉన్నది. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలసిన గాయం అది.

ఇక రంగు. ఇంజన్ నడిచి, నూనె కారడం ఆగి, రెండు మూడు పూటలు పొలంలో పనిచేసిన తరువాతే రంగు గురించి ఆలోచించండి. లేకపోతే వేసిన రంగును మీ పానాలతోనే మీరు గీకుతారు. పాత రంగులో సీసం ఉండవచ్చు కాబట్టి పొడిగా రుద్దకుండా నీటి ఎమరీ కాగితంతో తడిపి రుద్దండి. ముక్కుకు మాస్కు కట్టుకోండి. అసలు రంగు ఏదో తెలియాలంటే ఎండ తగలని చోట, బెల్టు మూత లోపలి వైపో నంబరు రేకు వెనుకో చూడండి. ఆ ముక్కను కొట్టుకు తీసుకువెళ్తే కలిపి ఇస్తారు. ఇంజన్ నంబరు రేకు మీద మాత్రం రంగు పడనీయకండి. అడుగు పూతగా వేసే రెడ్ ఆక్సైడ్ పూర్తిగా ఆరకముందే పై రంగు వేయడం మన దగ్గర తరచుగా జరిగే తప్పు, ముఖ్యంగా వానాకాలంలో.

ప్రశ్న: ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం వైపున్న బంధువుల దగ్గర రిజిస్ట్రేషన్ ఉన్న పాత చిన్న ట్రాక్టరు కొని మా ఊరికి తెచ్చుకోవాలనుకుంటున్నాను. ఏ కాగితాలు కావాలి? (ఒక రైతు, కాశీనగర్)

జవాబు: ఆర్.సి.లోని ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీదివాటితో కలుస్తున్నాయో లేదో మొదట చూసుకోండి. ఫారం 28తో అక్కడి రవాణా కార్యాలయంనుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. యాజమాన్యం మార్పుకు ఫారం 29, 30 కావాలి. బండి పన్నెండు నెలలకు మించి ఒడిశాలో ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవలసిందే. బంధువులే కదా అని వదిలేస్తే ఆ బండి కింద రేపు ఎవరైనా పడితే కేసు మీ బంధువు పేరనే నడుస్తుంది.

ప్రశ్న: మేము టిల్లరును పూర్తిగా విప్పి మళ్ళీ బిగించాము. చదునుగా ఉన్న పొలంలో బాగానే తిరుగుతున్నది. కొండవాలు మీద మెట్ల పొలాలనుంచి దిగేటప్పుడు మాత్రం ఎడమ క్లచ్ నొక్కితే కుడివైపు తిరుగుతున్నది. ఏదో తారుమారుగా బిగించామా? (ఒక పాఠకుడు, గుణుపురం)

జవాబు: లేదు, మీరు సరిగానే బిగించారు. చదును మీద ఎడమ క్లచ్ పిడి నొక్కినప్పుడు ఎడమ చక్రానికి శక్తి ఆగిపోతుంది, కుడి చక్రం తోస్తుంది, బండి ఎడమకు తిరుగుతుంది. దిగుడులో ఇంజన్ చక్రాలను తోయదు, వెనక్కి పట్టి ఉంచుతుంది. అప్పుడు ఎడమ పిడి నొక్కితే పట్టు వదిలిన ఎడమ చక్రం జోరుగా దొర్లుతుంది, పట్టు ఉన్న కుడి చక్రం ఆగుతుంది, కాబట్టి బండి కుడికి మళ్ళుతుంది. ఇది తెలియక కంగారులో పిడిని ఇంకా గట్టిగా నొక్కినవారు గట్టు దాటి కిందికి పోతారు. దిగేటప్పుడు వాలు మొదలుకాక ముందే చిన్న గేరు వేసి, థ్రాటిల్ తగ్గించి, రెండు క్లచ్ పిడులనూ నొక్కకుండా వదిలేసి, హ్యాండిల్ కొసలను భుజబలంతో పక్కకు నెట్టి తిప్పండి. మెయిన్ క్లచ్ నొక్కకండి, న్యూట్రల్‌కు రానీయకండి, ట్రాలీ తగిలించి ఉంటే ఆ దారినే దిగకండి. షెడ్డులో కొత్తగా పిడుల కేబుళ్ళు బిగించారు కనుక వాటికి కొద్దిగా వదులు ఉన్నదో లేదో కూడా ఒకసారి చూసుకోండి. బిగుతుగా ఉన్న కేబుల్ పిడి నొక్కకుండానే సగం క్లచ్ విడిచి ఉంచుతుంది, వాలు మీద దాని ఫలితం కూడా అచ్చంగా ఇలాగే ఉంటుంది.