మావాడి గోడ మీద ఉన్న ఆ కుర్రాడెవరు?

ప్రశ్న: మావాడికి పదహారేళ్లు, ఇంటర్ మొదటి ఏడాది. రెండేళ్లుగా గిటార్ నేర్చుకుంటున్నాడు. ఈమధ్య సినిమా పాటలు పక్కన పెట్టి బ్లూస్ అని అమెరికా నల్లవాళ్ల పాటలట, అవి పట్టుకున్నాడు. తలుపేసుకుని ఒకే ముక్క గంటసేపు వాయిస్తాడు. కింగ్‌ఫిష్ అనే కుర్రాడి బొమ్మ గోడకి అంటించాడు. మావాడు పాటలు కూడా తనే రాసుకుంటాట్ట. ఎవరండీ ఈ కింగ్‌ఫిష్? అంత చిన్న వయసులో అంత పేరెలా వచ్చింది?
— ఒక తల్లి, రాజమండ్రి

జవాబు: అమ్మా, మీవాడు మంచివాణ్నే ఎంచుకున్నాడు. అసలు పేరు క్రిస్టోన్ ఇంగ్రమ్. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం, క్లార్క్స్‌డేల్ ఊరు. 1999 జనవరిలో పుట్టాడు. పెద్ద ఊరేం కాదు, చుట్టూ పత్తి చేలు. కానీ బ్లూస్ వాళ్లకి అది పుణ్యక్షేత్రం. బ్లూస్ దిగ్గజం మడ్డీ వాటర్స్ పెరిగింది ఆ ఊరి పక్కనున్న స్టోవల్ తోటలోనే. ఆయన ఉన్న చెక్క గుడిసెని ఇప్పుడు ఊళ్లోని డెల్టా బ్లూస్ మ్యూజియంలో పెట్టారు. చిన్నప్పుడు టీవీలో మడ్డీ వాటర్స్ మీద వచ్చిన డాక్యుమెంటరీని తండ్రి చూపించాడట. అక్కడ అంటుకుంది.

ఆ మ్యూజియం వాళ్లు ఊరి పిల్లలకి సంగీతం నేర్పుతారు. ఈ పిల్లవాడు ఆరేళ్లకి డ్రమ్స్, తొమ్మిదేళ్లకి బేస్ గిటార్, పదకొండేళ్లకి గిటార్ పట్టాడు. బిల్ పెర్రీ, రిచర్డ్ క్రిస్మన్ అని ఇద్దరు గురువులు, ఇద్దరూ వేదికల మీద వాయించేవాళ్లే. కింగ్‌ఫిష్ అని పేరు పెట్టింది పెర్రీగారే. పాఠం నేర్చుకున్న వయసులోనే ఊరి క్లబ్బుల్లో పెద్దవాళ్ల పక్కన నిలబడి వాయించాడు. 2014లో మ్యూజియం పిల్లలతో కలిసి వైట్ హౌస్‌లో మిషెల్ ఒబామా ముందు వాయించినప్పుడు వాడికి పదిహేనేళ్లు. తొలి ఆల్బమ్ 2019 మేలో వచ్చింది. ఎనభై దాటిన బ్లూస్ పెద్దాయన బడ్డీ గై అందులో కలిసి పాడాడు.

పదకొండు నుంచి ఇరవై. తొమ్మిదేళ్లమ్మా. మీరు చిన్న వయసు అంటున్నది ఇదే. అందులో ఎక్కువ కాలం ఇతరుల పాటలే వాయించాడు.

ఇక ఒకే ముక్క గంటసేపు అన్నారే, అది వృథా కాదు. మీవాడు బహుశా మూడో తీగని ఐదో ఫ్రెట్టు (మెట్టు) దగ్గర కాస్త లాగి వదులుతూ ఉంటాడు. ‘A’ శ్రుతిలో అది మన కర్ణాటక సంగీతంలోని సాధారణ గాంధారం, అంటే కింది ‘గ’. లాగితే అంతర గాంధారం, అంటే పై ‘గ’ వైపు వెళ్తుంది, కానీ అక్కడిదాకా వెళ్లకూడదు. ఆ రెంటి మధ్య ఎక్కడో నిలిచే స్వరమే బ్లూస్ ప్రాణం. మా అమ్మ వీణ వాయించేది. నేను గిటార్ మొదలుపెట్టిన కొత్తలో ఈ ముక్క కుదరక ఏడుపు మొహంతో కూర్చుంటే, వీణ ముందుకు జరుపుకుని సారణి అనే మొదటి తీగని అదే మెట్టు మీద పక్కకి లాగి వినిపించింది. ‘వేలుతో లాగకురా, చెవితో లాగు’ అంది. ఇప్పటికీ నా శిష్యులకి ఆ మాటే చెప్తాను. అందుకని తలుపు వేసుకుంటే వేసుకోనివ్వండి.

పాటలు రాయడం గురించి. బ్లూస్‌లో సాధారణంగా ఒక పంక్తి పాడి, మళ్లీ అదే పాడి, మూడో పంక్తిలో దానికి జవాబు చెప్తారు. పాడాక మిగిలిన ఖాళీలో గిటార్ పలుకుతుంది, బుర్రకథలో వంతపాటగాడు అందుకున్నట్టు. కుర్రాళ్లు చేసే పొరపాటు, ఎరగని చికాగో వీధుల గురించి రాయడం. కింగ్‌ఫిష్ అలా చేయలేదు. 2021లో వచ్చిన రెండో ఆల్బమ్ పేరు ‘662’. ఏమిటా అంకె అంటే వాళ్ల ప్రాంతం ఫోన్ కోడ్, మీకు 0883 ఎలాగో అలాగ. దానికే 2022లో గ్రామీ వచ్చింది. తొలి ఆల్బమ్ వచ్చిన ఏడాదే, డిసెంబరులో, వాళ్లమ్మ ప్రిన్సెస్ పోయింది. ‘662’లో ఆమె కోసం ఒక పాట ఉంది. మీవాడితో కూర్చుని ఆ పాట వినండి. తర్వాత గోదావరి గట్టు గురించో, మీ వీధి గురించో మూడు పంక్తులు రాయమని అడగండి. తెలుగులోనే.

ప్రశ్న: నాది అకౌస్టిక్ గిటార్. తీగ ఎంత లాగినా బెండ్ (లాగి స్వరం పెంచడం) రావట్లేదు, వేళ్లు కోసుకుపోతున్నాయి.
— ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: తప్పు నీది కాదు బాబూ. అకౌస్టిక్ సెట్లలో మూడో తీగకి సాధారణంగా సన్నటి తీగ చుట్టి ఉంటుంది, అది సులువుగా లొంగదు. ఎలక్ట్రిక్ సెట్లో అదే తీగ నున్నగా ఉంటుంది. కొత్త గిటార్ కొనలేకపోతే సన్న తీగల సెట్ వేయించు, శ్రుతి అర స్వరం దించు. ఉంగరపు వేలుతో లాగేటప్పుడు వెనక రెండు వేళ్లూ ఆనించి, మణికట్టు తిప్పు. రక్తం వస్తే ఆ రోజుకి ఆపెయ్.