ఏడాది దాటిన బాబుకు జ్వరం: రాత్రికి రాత్రే బయలుదేరాలా, తెల్లవారేదాకా ఆగవచ్చా?

మీ 14 నెలల బాబుకు నిన్న సాయంత్రం నుంచి 102 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం ఉందని, పారాసిటమాల్ వేస్తే తగ్గి నాలుగైదు గంటల్లో మళ్లీ వస్తోందని రాశారు. ఈ రాత్రికే ఆసుపత్రికి తీసుకువెళ్లాలా, ఫిట్స్ వస్తాయేమోనన్న భయం నిజమేనా, అదే ఇంట్లో ఉన్న మీ చెల్లెలి రెండు నెలల పాప విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అని అడిగారు. నేను చాలా ఏళ్లుగా పిల్లల ఔట్‌పేషెంట్ విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. బిడ్డ డాక్టర్ గదిలోకి వెళ్లేముందు బరువు, జ్వరం చూసి, తల్లిదండ్రులు చెప్పేది విని రాసుకోవడం నా పని. ఆ అనుభవం మీద చెబుతున్నాను. మీ బాబును కళ్లారా చూసిన డాక్టర్ వేరుగా చెబితే ఆ మాటే పాటించండి.

ముందు ఆ రెండు నెలల పాప సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆ వయసుకు నియమమే వేరు. మూడు నెలలు నిండని బిడ్డకు 100.4 డిగ్రీలు, అంటే 38 డిగ్రీల సెల్సియస్, లేదా అంతకు మించిన జ్వరం వస్తే పగలైనా అర్ధరాత్రైనా వెంటనే డాక్టర్‌కు చూపించాలి. పాప చూడటానికి బాగానే ఉంది కదా అని, ఒకసారి మందు వేసి చూద్దామని ఆగకూడదు. ఆ వయసులో రక్తంలోనో, మూత్రంలోనో, మెదడు పొరల్లోనో ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం తప్ప మరే గుర్తూ పైకి కనిపించకపోవచ్చు. జ్వరం లేకపోయినా ఒళ్లు చల్లబడి పాలు తాగడం మానేస్తే అది కూడా అంతే తీవ్రమైన విషయం. బాబుకు తగ్గేవరకు ఇద్దరినీ ఒకే పక్క మీద పడుకోబెట్టకండి, బాబును ఎత్తుకున్నవారు సబ్బుతో చేతులు కడుక్కున్న తర్వాతే పాపను ముట్టుకోవాలి, పాప ముఖం మీద ఎవరూ ముద్దులు పెట్టకూడదు.

ఇక మీ బాబు. తల్లిదండ్రులు గదిలోకి రాగానే చెప్పే మొదటి మాట ఎప్పుడూ జ్వరం అంకే. అది నాకు కావాలి, కానీ దానికన్నా నేను అడిగే మూడు ప్రశ్నలకు జవాబులు ఎక్కువ చెబుతాయి. పాలు, నీళ్లు తాగుతున్నాడా? చివరిసారి మూత్రం ఎప్పుడు పోశాడు? జ్వరం కాస్త దిగినప్పుడు లేచి ఆడుతున్నాడా? ఈ మూడింటిలోనూ చివరిదానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. 103 డిగ్రీలతో వచ్చి నా జేబులోని పెన్ను లాక్కునే పిల్లలను ఎందరినో చూశాను. వారిలో చాలామందికి ఉన్నది రెండు మూడు రోజుల్లో తనంతట తానే తగ్గిపోయే వైరల్ జ్వరమే. అదే 100 డిగ్రీలే ఉన్నా, తల్లి భుజం మీద తల వాల్చేసి, పేరు పెట్టి పిలిచినా కళ్లు తెరవని బిడ్డ వస్తే మాత్రం వరుస ఆపి ముందు లోపలికి పంపిస్తాను. మందు వేసిన గంటకు మీ బాబు ఎలా ఉన్నాడో చూసి రాత్రి నిర్ణయం తీసుకోండి.

ఆ మందు ఎంతవరకు పనిచేస్తుందో కూడా తెలిసి ఉండాలి. పారాసిటమాల్ జ్వరాన్ని ఒకటి, ఒకటిన్నర డిగ్రీల సెల్సియస్ మేరకు దించుతుంది, కారణాన్ని తీసివేయదు. కాబట్టి 104 ఉన్నది 102కు వచ్చి బిడ్డ తేరుకుంటే మందు పనిచేసినట్టే. నాలుగైదు గంటలకు జ్వరం తిరిగి రావడం కూడా సహజమే, దాన్ని చూసి జ్వరం ముదిరిందని భయపడనవసరం లేదు. మందు వేసేది బిడ్డకు హాయినివ్వడానికి. ప్రశాంతంగా నిద్రపోతున్న బిడ్డను మందు కోసం లేపవద్దు. చన్నీళ్లతో ఒళ్లు తుడవడం వల్ల వణుకు పుట్టి బిడ్డకు బాధ పెరుగుతుందే తప్ప మేలు తక్కువ. స్పిరిట్‌తో తుడవడం ప్రమాదకరం. పలుచని బట్టలు వేసి, గాలి ఆడే గదిలో ఉంచితే చాలు.

మోతాదు గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే నేను పనిచేసే చోట అన్నిటికన్నా తరచుగా కనిపించే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. పిల్లల మందు వయసును బట్టి కాదు, బరువును బట్టి వేయాలి. పారాసిటమాల్ కిలో బరువుకు ఒక్కోసారి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, కనీసం నాలుగు గంటల ఎడంతో, 24 గంటల్లో నాలుగుసార్లకు మించకుండా ఇస్తారు. 10 కిలోల బిడ్డకు ఒకసారికి ఎక్కువలో ఎక్కువ 150 మిల్లీగ్రాములు. ఇక్కడిదాకా సులువే. చిక్కు సీసాలతో వస్తుంది. చుక్కల మందు సీసాలో ఒక మిల్లీలీటర్‌కు 100 మిల్లీగ్రాములు ఉండవచ్చు, సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు ఉండవచ్చు, మరో సిరప్‌లో అదే 5 మిల్లీలీటర్లకు 250 ఉండవచ్చు. ఆ 150 మిల్లీగ్రాములకు మొదటి సీసాలో నుంచి 1.5 మిల్లీలీటర్లు, రెండో దానిలో నుంచి 6.25, మూడో దానిలో నుంచి 3 తీయాలి. ‘క్రితంసారి 5 వేశాం కదా’ అని చుక్కల సీసాలో నుంచి 5 మిల్లీలీటర్లు తీస్తే బిడ్డకు 500 మిల్లీగ్రాములు పోతాయి, అంటే మూడింతలకు పైగా. ఇలా పదేపదే ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది. అందుకే సీసా మీద ‘ప్రతి 5 మి.లీ.లో’ అని ఉందో ‘ప్రతి 1 మి.లీ.లో’ అని ఉందో దీపం వెలుతురులో చదివాకే మూత తీయండి. జలుబు మందుల్లో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది, రెండూ వేస్తే మోతాదు రెట్టింపవుతుంది.

వంటింటి చెంచాలు ఒకదానికొకటి సరిపోలవు కాబట్టి మందుతో వచ్చిన కొలత కప్పో, అంకెలున్న సిరంజో వాడండి. సిరంజి కొనను నాలుక మీద కాకుండా బుగ్గ లోపలివైపు ఆనించి, బిడ్డను కాస్త కూర్చోబెట్టినట్టు పట్టుకుని, కొంచెం కొంచెంగా మింగనిస్తూ వేయాలి. ముక్కు మూసి, ఏడుస్తుండగా గొంతులోకి పోస్తే పొలమారుతుంది. డాక్టర్ చెప్పనిదే ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు. వైరల్ జ్వరాల్లో అది రేస్ సిండ్రోమ్ అనే, మెదడును కాలేయాన్ని దెబ్బతీసే అరుదైన జబ్బుకు దారితీయవచ్చు. ఐబుప్రొఫెన్ అనే మరో జ్వరం మందును ఆరు నెలలలోపు బిడ్డలకు, విరేచనాలతో నీరు తగ్గిపోయిన బిడ్డలకు సొంతంగా వేయవద్దు.

శ్వాసను గమనించడం తల్లిదండ్రులు తప్పక నేర్చుకోవలసిన విద్య అని నా నమ్మకం. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు, నిద్రలో ఉంటే మరీ మంచిది, చొక్కా పైకెత్తి పొట్ట, ఛాతీ కలిసేచోట చూపు నిలిపి, ఫోన్‌లో గడియారం పెట్టుకుని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పసిపిల్లల శ్వాస ఒకే తీరుగా ఉండదు కాబట్టి పావు నిమిషం లెక్కించి నాలుగుతో గుణిస్తే తప్పు వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రెండు నెలలలోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకు మించి, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి ఐదేళ్లలోపు 40 లేదా అంతకు మించి ఉంటే అది వేగంగా ఊపిరి తీసుకోవడమే. జ్వరం ఎక్కువగా ఉన్నప్పుడు శ్వాస కొంత పెరుగుతుంది, కనుక జ్వరం దిగాక మరోసారి లెక్కించండి. అంకెతో పని లేకుండానే కనిపించే గుర్తులు కూడా ఉన్నాయి. ఊపిరి తీసుకున్నప్పుడల్లా డొక్కలు ఎగరేయడం, పక్కటెముకల కింద లోపలికి గుంటపడటం, ముక్కుపుటాలు అదరడం, ప్రతి శ్వాసకూ మూలిగినట్టు శబ్దం రావడం, పెదవులు నీలంగా మారడం. వీటిలో ఏది కనిపించినా తెల్లవారే వరకు ఆగకండి.

అలాగే ఏది తాగినా కక్కేస్తున్నా, ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాక నోరు ఎండిపోయి కళ్లు లోపలికి పోయినా, మెడ బిగుసుకుపోయినా, మాడు ఉబ్బినా, మగతగా ఉండి లేపినా లేవకపోయినా ఈ రాత్రే వెళ్లాలి. ఒంటి మీద ఎర్రని లేదా ఊదా రంగు మచ్చలు కనిపిస్తే పారదర్శకమైన గాజు గ్లాసును వాటి మీద నొక్కి చూడండి. నొక్కినా మాయం కాని మచ్చలు జ్వరంతో పాటు ఉంటే అది అత్యవసరం. ఇవేవీ లేకుండా తాగుతూ, ఆడుతూ ఉంటే రేపు చూపించవచ్చు. మీరున్న ప్రాంతంలో మలేరియా, డెంగ్యూ ఉంటే రేపే చూపించి రక్తపరీక్ష అవసరమేమో అడగండి. లేకున్నా మూడు రోజులు దాటితే చూపించాలి. జలుబు, దగ్గు ఏమీ లేకుండా ఉత్త జ్వరమే ఉంటే మూత్రపరీక్ష సంగతి మీరే గుర్తుచేయండి. పళ్లు వస్తున్నందుకే 102 డిగ్రీలు వచ్చిందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పళ్లు రావడం వల్ల అంత జ్వరం రాదు.

ఫిట్స్ భయం గురించి. జ్వరంతో వచ్చే ఫిట్స్ ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 2 నుంచి 5 మందికి వస్తాయి. చూసేవారికి బిడ్డ చేజారిపోతున్నట్టే ఉంటుంది. అలా వచ్చిన తల్లుల చేతులు ఎంతసేపు వణుకుతాయో నాకు తెలుసు. కానీ ఎక్కువ శాతం కొద్ది నిమిషాల్లోనే ఆగిపోతాయి, వాటివల్ల మెదడు దెబ్బతినదు. ఫిట్స్ వస్తే బిడ్డను నేల మీద ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూసుకోండి. నోట్లో చెంచా, వేలు, నీళ్లు, మందు ఏదీ పెట్టవద్దు, కాళ్లూచేతులూ అదిమి పట్టవద్దు. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలి. ఆగిపోయినా సరే, మొదటిసారి వచ్చినప్పుడు అదే రోజు డాక్టర్ చూడాలి. జ్వరం మందు గంట కొట్టినట్టు వేసినంత మాత్రాన ఫిట్స్ రాకుండా ఆగుతాయని పరిశోధనల్లో తేలలేదు, కాబట్టి ఎవరికైనా వస్తే మందు ఆలస్యం చేశారని ఆ తల్లిని నిందించడం అన్యాయం. చలిజ్వరపు వణుకుకూ దీనికీ తేడా ఏమిటంటే, వణుకులో బిడ్డ మిమ్మల్ని చూస్తాడు, పిలిస్తే పలుకుతాడు.

జ్వరంతో పాటు విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద ఎంత నీటిలో కలపాలని రాసి ఉందో అంత నీటిలో ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపాలి. సగం గ్లాసులో చిక్కగా కలిపితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరుగుతుంది. చాలామంది చేసేది సరిగ్గా అదే. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, ఒక్కో చెంచా చొప్పున మళ్లీ మొదలుపెట్టండి. దగ్గు మందులు ఈ వయసులో సొంతంగా కొనవద్దు, వాటివల్ల ఉపయోగం కన్నా మగత, ఊపిరి ఇబ్బంది వచ్చే అవకాశమే ఎక్కువ. ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించడం బాట్యులిజం అనే పక్షవాతపు జబ్బుకు కారణం కావచ్చు. మీ చెల్లెలి పాపకు ఎవరు పెట్టబోయినా గట్టిగా వద్దనండి. ఆ పాపను ప్రతి నిద్రకూ వెల్లకిలా, మెత్తని దిండ్లు లేని గట్టి పరుపు మీదే పడుకోబెట్టాలి.

ఇంటి జాగ్రత్తలు అడిగారు కాబట్టి ఒక్క విషయం మీద పట్టుబడతాను. రిమోట్‌లో, ఆటబొమ్మల్లో, తూకం యంత్రంలో ఉండే బిళ్లలాంటి బటన్ బ్యాటరీని బిడ్డ మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే తీవ్రంగా కాల్చేయగలదు. బిడ్డ మొదట్లో ఏ బాధా చూపకపోవచ్చు. ఒక బ్యాటరీ కనిపించడం లేదన్న అనుమానం చాలు, వాంతి చేయించకుండా నేరుగా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. జ్వరం మందు సీసా కూడా మంచం పక్కన వదిలేసేది ఇలాంటి రాత్రుల్లోనే. తియ్యగా ఉంటుంది కాబట్టి మూత రాకపోయినా ప్రయత్నిస్తారు, ప్రతిసారీ పైఅరలో పెట్టండి. గింజలు, గుండ్రని ద్రాక్షపళ్లు గొంతుకు అడ్డుపడవచ్చు కాబట్టి ఉన్నవి ఉన్నట్టుగా బాబుకు ఇవ్వవద్దు. ఒంటి మీద వేడినీళ్లు ఒలికితే కాలిన చోటును 20 నిమిషాలు కుళాయి నీటి కింద ఉంచండి, ఐసు, టూత్‌పేస్ట్ రాయవద్దు.

ఆసుపత్రికి వెళ్లవలసి వస్తే ఇప్పటిదాకా వేసిన మందుల సీసాలన్నీ సంచిలో వేసుకుని, ఏ మందు ఎంత, ఏ గంటకు వేశారో ఒక కాగితం మీద రాసుకుని తీసుకువెళ్లండి. బాబు బరువు చూసి చాలా రోజులైతే రేపు డాక్టర్ దగ్గర బట్టలు తగ్గించి తూచమని అడిగి, ఆ అంకెను తేదీతో సహా మందు సీసా మీద అతికించుకోండి.